మదనపల్లె నుండి కుప్పమునకు

పోయిన మార్గశిరమున మేము మదనపల్లె నుండి పుంగనూరు మీదుగా కుప్పమునకు పోయి వచ్చితిమి. తీర్థయాత్ర కాదు, పెండ్లి ప్రయాణమును కాదు. మా చెల్లెలి కుమార్తెకు బుద్ధి చెప్పుటకై పోయిన ప్రయాణము.

ఆ పిల్ల విమానము నడుపును. ఎనిమిదేండ్లు కో-పైలటుగా నుండి, రెండేండ్ల క్రిందట కెప్టెను అయినది. ఆఱేండ్ల కూతురు కలదు. ఆ బిడ్డ కుప్పమున నాయనమ్మ యొద్ద పెరుగుచున్నది. బెంగుళూరులోని యొక శిక్షణశాలవారు, విమానసంస్థ కొలువు మానివచ్చి తమ సిమ్యులేటరుపై పైలట్లకు పాఠము చెప్పవలసినదని ఆమెను పిలిచిరి. జీతము కొంత తగ్గినను ప్రతిరాత్రియు ఇల్లు చేరవచ్చునని మావారందఱును లెక్క వేసిరి. మా వియ్యపురాలు ఫోను చేసి, "వదినా, ఆ పిల్ల మీ మాట వినును. మీరే వచ్చి ఒప్పింపవలెను" అనిరి. మేము సరే యంటిమి. నిజము చెప్పవలెనన్న మా మనసులోను అదియే యున్నది.

పిల్లకు రెండు దినముల విశ్రాంతి దొరకగా మదనపల్లెకు వచ్చినది. మఱునాడు తెల్లవాఱకమునుపే కారులో బయలుదేరితిమి. ఆ వేళకే టమోటా లారీలు మార్కెటు దారిని నింపివేసియుండెను. దివ్యజ్ఞాన కళాశాల దాటుచుండగా, 1919లో రవీంద్రనాథ టాగూరుగారు అచట బసచేసి "జనగణమన"ను ఇంగ్లీషులోనికి మార్చిన సంగతి తలచుకొంటిమి. మదనపల్లెవారు ఏ ప్రయాణవృత్తాంతము వ్రాసినను ఈ మాట చెప్పక మానరు, మేమును మానలేదు. వెనుక నాలుగువేల అడుగులకు పైబడిన హార్సిలీకొండ మంచులో మునిగియుండెను. చిన్నతనమున వేసవి సెలవులలో ఈ పిల్ల ఆ కొండమీద వెల్లకిల పడుకొని విమానముల దీపములు లెక్కించుచుండెడిది. అప్పుడు మేమందఱమును నవ్వితిమి.

ఊరు దాటగానే మా ఉపదేశము మొదలుపెట్టితిమి. పిల్ల కొంతసేపు విని, "పెద్దమ్మా, సిమ్యులేటరన్న నేమో తెలిసియే చెప్పుచున్నారా?" అని యడిగెను. పిల్లలాడుకొను యంత్రము వంటిదని మేమనుకొంటిమి. ఆమె చెప్పినదానినిబట్టి చూడగా, మొదట అది అట్టిదే. అమెరికాలో ఎడ్విన్ లింక్ అను నతని తండ్రికి పియానోలు, ఆర్గనులు చేయు కర్మాగారముండెను. ఆ వాద్యములకు గాలి నందించు తిత్తులతోనే, మన హార్మోనియపు తిత్తుల వంటివానితోనే, అతడు 1929లో ఊగెడు చిన్న విమానపు పెట్టె నొకదానిని చేసెను. దానిని వినోదశాలలవారు కొనిరి కాని పైలట్లు లక్ష్యపెట్టలేదు. 1934లో తపాలా మోయుచున్న సైనిక విమానములు చెడువాతావరణమున కూలి పలువురు మరణించిన పిమ్మట అమెరికా సైన్యము అట్టి పెట్టెలను ఆఱింటిని కొన్నది. రెండవ ప్రపంచయుద్ధము ముగియునప్పటికి ఐదులక్షలమందికి పైగా వానిలో నేర్చుకొనియుండిరి.

నేటి యంత్రము ఆఱు కాళ్లపై నిలిచిన యొక గది. లోపల విమానపు ముందుగది యెట్లుండునో అట్లే యుండును. కిటికీలయెదుట రన్‌వే, వాన, మంచు, రాత్రి దీపములు కనబడును. ఇద్దఱు పైలట్లు ముందు కూర్చుందురు. శిక్షకురాలు వెనుక కూర్చుండి తెరపై వ్రేలు మోపినచో వారి ఇంజనులలో నొకటి మండును. నేల విడిచిన మఱునిమిషమే ఇంజను చెడుట, పైన గాలి యొత్తిడి పోవుట మొదలగునవి నిజమైన విమానములో ప్రయాణికులతో నేర్పదగిన పాఠములు కావు గదా. అందుచేత పైలట్లందఱును ఆఱునెలలకొకసారి ఆ గదిలో పరీక్షకు నిలువవలెను. హైదరాబాదులో ఇండియన్ ఎయిర్‌లైన్సువారు ఇందుకే ప్రత్యేకముగా శిక్షణాలయము నెలకొల్పియుండిరి. యంత్రము ఖరీదు కోట్లలో నుండుటచే దానిని ఊరక నుంచరు, రాత్రింబవళ్లు నడుపుదురు. ఒక్కొక్క పాఠము నాలుగు గంటలు. ముందొక గంట, వెనుకనొక గంట మాటలకు పోవును.

"అయిన రాత్రి రెండు గంటలకును పాఠముండునా?" అంటిమి.

"ఉండును, పెద్దమ్మా."

ప్రతిరాత్రియు ఇల్లు చేరవచ్చునన్న మా లెక్క పుంగనూరు రాకముందే తప్పినది.

పుంగనూరులో మా అమ్మ యున్నది. ప్రక్కయింటివారికి పుంగనూరు ఆవు కలదు. మూడడుగుల యెత్తైనను లేని ఆ యావును చూచి పిల్ల తన ఆరేండ్ల కూతురి కొఱకు ఫోటో తీసికొన్నది. ఒకప్పుడు అంతరించునేమో యని భయపడిన యీ జాతిని పలమనేరులోని పశుపరిశోధనా క్షేత్రమువారు కాపాడిరి. రాగిసంగటి, ఊరిబిండి వడ్డించుచు మా అమ్మ అసలు మాట యెత్తినది. 2025 జూన్ 12న అహమ్మదాబాదులో విమానము కూలి 260 మంది మరణించినది మొదలు ఆమెకు నిద్రలేదు. మనుమరాలు నేలకు దిగినట్లు ఫోను వచ్చువఱకు దీపము ఆర్పదు.

"కాళ్లు నేలనంటు పని చూచుకోరాదా, తల్లీ?"

"అవ్వా, అక్కడ రోజుకు నాలుగుసార్లు ఇంజను మండించుటయే నా పని."

మా అమ్మ చేయి ఆపి ఆలోచించినది. "ఎందుకే?"

"నిజముగా మండిననాడు వారికి చేయి వణకకుండుటకు."

"అట్లయిన అది మంచి పనియే" అని మా అమ్మ మఱికొంచెము సంగటి వేసినది. ఆమెకు కావలసిన జవాబు దొరకినదో లేదో మాకు తెలియలేదు. దీపము మాత్రము ఇప్పటికిని ఆర్పుటలేదట.

పలమనేరు దాటిన పిదప దారి అడవిలో పడును. కౌండిన్య అభయారణ్యము, ఏనుగులు దాటు చోటులని పలకలు కట్టియున్నవి. అచట మేము ఉపదేశము మాని ప్రశ్నలడుగ మొదలిడితిమి. ఆమె రెండు వైపులను దాపరికము లేక చెప్పినది. విమానసంస్థ కొలువు స్థిరమని ఎవరును అనజాలరు. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిలులోను, గో ఫస్ట్ 2023 మేలోను నిలిచిపోయినవి. 2020లో కరోనా నాడు రెండు నెలలు దేశములోని ప్రయాణికుల విమానములన్నియు నేలనే యుండెను. వైద్యపరీక్షలో చిన్న దోషము కనబడినను ఎగురుట ఆగిపోవును. తెల్లవాఱుజాము ప్రయాణములు, పరాయి యూళ్ల హోటళ్లు వేఱు. 2025 జూలై నుండి వారపు విశ్రాంతిని 36 గంటల నుండి 48 గంటలకు పెంచిరి గనుక కొంత మేలట.

"అయిన అడ్డమేమి?"

"ఇప్పుడు మానిన, మూడు నెలలలోనే నిజమైన విమానముతో చేతికి పరిచయము చట్టము ప్రకారము తప్పును. తిరిగి రాదలచినచో మరల పరీక్షలు. వేఱొక సంస్థలో చేరినచో వరుసలో కడపటి మెట్టు. కెప్టెనుగా నాకు రెండేండ్లే అయినది. వానకాలపు రాత్రి మంగుళూరులో దిగుట ఎట్లో యంత్రములో చూపగలను. కాని ఆ రాత్రులు నేనింకను ఎన్ని చూచితిని? వంట మానివేసిన అత్తగారు కోడలికి పోపు నేర్పినట్లగును."

ఈ యుపమానము మమ్ము కొంచెము గ్రుచ్చినది. మేము వంట మాని నాలుగేండ్లయినది.

విమానము నడుపుచునే సిమ్యులేటరులోను నేర్పు కెప్టెనులు సంస్థలలో నుందురట. ఆమె చూపు దానిమీద నున్నది. కాని యందుకు మఱికొన్ని యేండ్ల అనుభవము కావలెను. హైదరాబాదు డెక్కన్ ఎయిర్‌వేస్‌లో ప్రేమ్ మాథుర్ ఉద్యోగమునకు చేరిన 1940ల నాటికి ఆమె యొక్కతెయే. ఇప్పుడు మన దేశపు పైలట్లలో నూటికి సుమారు 15 మంది స్త్రీలు. మన విజయవాడలో పెరిగిన ఆనీ దివ్య ముప్పదేండ్లకే బోయింగు 777కు కమాండరైనది. అయినను ముందు సీటునుండి ఇంటికి పిలువబడువారు ఎక్కువగా ఆడువారే యని పిల్ల కోపము లేకయే యన్నది.

కుప్పము చేరునప్పటికి మధ్యాహ్నమైనది. ఊరికి దగ్గఱలో గుడివంక యొద్ద అగస్త్య ఫౌండేషనువారి 172 ఎకరముల విద్యాక్షేత్రము కలదు. ప్రభుత్వపు బడుల పిల్లలు అక్కడ నమూనాలను చేతబట్టి శాస్త్రము నేర్చుకొందురు. వారిలో కొందఱు తమకన్న చిన్నవారికి తామే పాఠము చెప్పుదురు. ఈ సంగతి మనుమరాలు మాకు చెప్పుచు, నాయనమ్మ తనను ఒకసారి తీసికొనిపోయెదనని మూడుసార్లు వాయిదా వేసినదని ఫిర్యాదు చేసినది. మా వియ్యపురాలు తలవంచుకొనిరి.

భోజనానంతరము వంటింటిలో మేమిద్దఱమే యుండగా అసలు సంగతి బయటపడినది. ఆమెకు విమానముల భయము లేదు, పరువు చింతయు లేదు. మోకాళ్లు పట్టుకొనిపోయినవి. ఉదయమున బిడ్డకు జడ వేసి, క్యారియరు కట్టి, బడి బస్సువఱకు నడచుట చేతగాకున్నది. కోడలితో ఆ మాట చెప్పిన తనను చేతగానిదని యనుకొనునని, ఉద్యోగము మార్చుకొమ్మనిరి.

బిడ్డ తండ్రియు బెంగుళూరులోనే ఉద్యోగము చేయుచున్నాడు. ఇంతమందిమి ఇంత దూరము ఆలోచించితిమి కాని, అతడు తన పనివేళలు మార్చుకొనగలడా యని మాలో నొక్కరమును అడుగలేదు. మేము లేచి అతనికి ఫోను చేసితిమి. తన కార్యాలయమున పది గంటలకు పోయినను చాలునని, జడ వేయుట మాత్రము నేర్చుకొనవలెనని అతడనెను. మా వియ్యపురాలు నవ్విరి. పిమ్మట కన్నులు తుడుచుకొనిరి. వచ్చు జూనులో బిడ్డ బెంగుళూరు బడికి పోవును గనుక, ఇల్లు బోసిపోవునని వారి దిగులు. పండుగలకును సెలవులకును రావలెనని మాట తీసికొనిరి.

శిక్షణశాలవారికి పిల్ల ఆ సాయంత్రమే జాబు పంపినది: ఇప్పుడు రాలేననియు, మఱికొన్నేండ్లకు పిలిచినచో సంతోషముతో వత్తుననియు. సాయంకాలపు బెంగుళూరు రైలునకు స్టేషనులో నిలిచియుండగా, వచ్చు వారము తనకే సిమ్యులేటరులో పరీక్ష యున్నదని చెప్పినది.

"ఏ వేళకు?"

"రాత్రి పదకొండుకు. అవ్వకు చెప్పకుడు, పెద్దమ్మా. ఆ గది నేలమీదనే యుండును గాని, ఆమె దీపము పెట్టుకొని కూర్చుండును."