ఏలూరులో ఏముంది?

గత శీతాకాలంలో తాడేపల్లిగూడెంలో బంధువుల నికాహ్‌కు హాజరైన మా మేనకోడలు, తిరుగు ప్రయాణంలో ఇద్దరు పిల్లలతో ఏలూరులోని మా ఇంట రెండు రోజులు ఆగింది. వారు హైదరాబాదు వాసులు. చార్మినారును, గోల్కొండను చూస్తూ పెరుగుతున్న పిల్లలు. మొదటి రోజు ఫజ్ర్ నమాజు ముగించుకుని ఇంటికి వస్తుండగా పెద్దవాడు, పన్నెండేళ్ళవాడు, "నానా, ఏలూరులో చూడ్డానికి ఏముంది?" అని అడిగాడు.

మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. ముప్పై ఏళ్ళుగా ఈ ఊరి మద్రసాలో పాఠాలు చెబుతున్నాము. బగ్దాదు నగరాన్ని గురించి, కర్తబా మస్జిద్‌ను గురించి గంటల తరబడి మాట్లాడగలము. మన వీధి చివరి కాలువలో నీరు ఎక్కడి నుంచి వస్తున్నదో ఏ విద్యార్థికైనా చెప్పామా అంటే, గుర్తు లేదు.

ఆ కాలువ గట్టుతోనే మొదలుపెట్టాము. విజయవాడ నుంచి వచ్చే కృష్ణ నీరు, ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర బయలుదేరిన గోదావరి నీరు కాలువల ద్వారా ఏలూరులోనే కలుసుకుంటాయి. గోదావరి ఆనకట్ట 1852లోను, కృష్ణ ఆనకట్ట 1855లోను పూర్తయినాయి. ఆ తరువాత చెన్నపట్నం నుంచి కాకినాడ దాకా పడవలు ఈ కాలువల మీదుగానే నడిచేవి. వీటికి తోడు తమ్మిలేరు రెండు పాయలుగా చీలి ఊరిని ఆనుకుని పారుతుంది. వానలు ముదిరితే అది ఊళ్ళోకే వస్తుంది, అది వేరే సంగతి. నిజాముల కాలంలో ఉత్తర సర్కారులు ఐదు. శ్రీకాకుళం, రాజమహేంద్రవరం, ముస్తఫానగర్ అనబడిన కొండపల్లి, ముర్తజానగర్ అనబడిన గుంటూరు, ఐదవది మన ఏలూరు. ఇది విని పిల్లవాడు, "కోట ఎక్కడ?" అన్నాడు. చూపించడానికి మా వద్ద కోట లేదు.

మధ్యాహ్నం కైకలూరు దగ్గరి ఆటపాకకు తీసుకువెళ్ళాము. చెట్ల మీద, అటవీశాఖ వారు నీటిలో నిలబెట్టిన ఇనుప మంచెల మీద గూడబాతులు వందలకొద్దీ కూర్చుని ఉన్నాయి. తల్లి తన సంచి వంటి గొంతు తెరిస్తే పిల్ల అందులోకి తల దూర్చి చేపను అందుకుంటుంది. చిన్నమ్మాయి పడవలోనే "సుబ్‌హానల్లాహ్" అని గట్టిగా అరిచింది. ఎవరూ నేర్పకుండా ఆ మాట ఆ చోట రావడం మాకెంతో ఆనందం కలిగించింది.

అయితే తిరుగుదారిలో కొల్లేరు కంటే చేపల చెరువుల గట్లే ఎక్కువగా కనిపించాయి. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీటిని పట్టి ఉంచి, ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పంపవలసిన సరస్సు ఇది. 1999లో అభయారణ్యం అయింది. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో ప్రభుత్వం ఎన్నో చెరువుల గట్లు తెగ్గొట్టించింది. పారే నది ఒడ్డున వుజూ చేసేటప్పుడు కూడా నీటిని దుబారా చేయరాదని ప్రవక్త (స) బోధించారని మేము ఏటా పాఠం చెబుతాము. ఆ రాత్రి మా ఇంటి దస్తర్‌ఖాన్ మీద ఉన్న చేప మాత్రం చెరువు చేపే.

మరునాడు తంగెళ్ళమూడి వెళ్ళాము. ఏలూరు తివాచీలకు పేరు తెచ్చిన పేట అది. పర్షియా నుంచి వచ్చిన ముస్లిములు ఈ పనిని ఇక్కడికి తెచ్చారని పెద్దలు చెబుతారు. మాకు పరిచయమున్న వృద్ధ నేతగాని ఇంటికి పోతూ మేము కొంత జంకాము. కారణం ఉంది. ఏడేళ్ళ క్రితం మద్రసా నమాజు గదికి పరుపు కావలసి వచ్చినప్పుడు, కమిటీలో కూర్చున్న మేమే, ధర తక్కువని మిల్లులో తయారైన నైలాన్ చుట్టలు తెప్పించాము. నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న ఈ మనిషిని ఒక్క మాట అడగలేదు. చేతివృత్తి సంపాదన ఎంత శుభప్రదమో ఆ గదిలోనే, ఆ నైలాను మీదనే కూర్చుని బోధించాము.

ఆయన ఆదరంగా లోపలికి పిలిచి టీ తెప్పించారు. మగ్గం గోడకు నిలబడి ఉంది. దాని మీద సగం నేసిన తివాచీ. పడుగు దారాలకు రంగు ఉన్నిని ఒక్కొక్క ముడిగా వేసి, కత్తితో తెంపి, వరుస పూర్తి కాగానే పేకను దువ్వెనతో కొట్టి బిగించి చూపించారు. పిల్లవాడు ఒక ముడి వేయడానికి చాలాసేపు తంటాలు పడ్డాడు. చాచా ఇద్దరు కుమారులలో ఒకరు ఆటో నడుపుతున్నారు, ఒకరు కువైట్‌లో ఉన్నారు.

టీ తాగుతుండగా ఆయన నెమ్మదిగా, "హజ్రత్, మద్రసాలో వేయించిన పరుపు ఎలా ఉంది? అంచులు లేస్తున్నాయా?" అని అడిగారు. అందులో ఎత్తిపొడుపు లేదు. పనివాడు పనిని గురించి అడిగిన తీరు అది. లేస్తున్నాయని ఒప్పుకున్నాము. "గోరువెచ్చని నీటితో తడిపి బరువు పెట్టించండి, కొన్నాళ్ళు ఆగుతాయి," అన్నారు. ఆనాడు అడగకపోవడం మా పొరపాటని చెప్పాము. ఆయన చేయి ఊపి, "పోనివ్వండి, అప్పుడు నా దగ్గర ఉన్నీ లేదు," అన్నారు. అది నిజమో, మా పరువు కాపాడడానికి అన్న మాటో మాకు తెలియదు.

పిల్లవాడికి ఒక జానమాజ్ నేసి ఇమ్మని అడిగాము. ఆయన చెప్పిన ధర విని మేనకోడలు మా వైపు చూసింది. మేము బేరమాడలేదు, సగం డబ్బు అక్కడే ఇచ్చాము. చూపు సహకరిస్తే రంజాన్ నాటికి ఇస్తానన్నారు, ఇన్‌షా అల్లాహ్. తరువాత పిల్లవాడిని గచ్చు మీద సజ్దా చేయమని చెప్పి, నుదురు ఆనిన చోట ఒకటి, పాదాల చివర ఒకటి సుద్దతో గీతలు గీశారు. వాడు లేచాక ఆ దూరాన్ని జానలతో కొలిచి, "పెరిగే పిల్లవాడు, ఒక జాన ఎక్కువే వేస్తాను," అన్నారు.