రాస్ కొండ మీద నుండి

విశాఖపట్నంలో పాత పోస్టాఫీసు దాటి రేవు వైపు నడిస్తే మూడు కొండలు కనబడతాయి. ఒకదానిపై వెంకటేశ్వరుని గుడి, ఒకదానిపై దర్గా, ఒకదానిపై రోమను కథోలికుల మరియమ్మ గుడి. ఈ మూడవదే రాస్ కొండ. 1864లో రాస్ అనే దొర ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడు. పైకెక్కితే ఓడలు లోనికి వచ్చే కాలువ, ఎదుట డాల్ఫిన్స్ నోస్ కనబడతాయి. 1933లో తెరచిన రేవునూ, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారాన్నీ అందరూ చూచి వస్తారు. ప్రియ పాఠకులారా, నేను చెప్పేది అంతకు ముందటి సంగతి.

1805లో లండన్ మిషనరీ సొసైటీ పంపగా జార్జ్ క్రాన్, ఆగస్టస్ డిగ్రాంజెస్ అనే దైవజనులు ఈ ఊరికి వచ్చారు. ఊరు ఈస్టిండియా కంపెనీది. కంపెనీకి మిషనరీలంటే గిట్టదు. వీరు కోపెన్‌హాగన్‌లో డేనుల ఓడ ఎక్కి, డేనుల తరంగంబాడిలో దిగి, ఇటు చేరారు. చిత్రమేమంటే, కోటలో తెల్లవారికి ఆరాధన నడిపినందుకు ఆ సర్కారే వీరికి నెలజీతం ఇచ్చింది! క్రాన్ 1809లో, డిగ్రాంజెస్ 1810లో ప్రభువునందు నిద్రించారు. ఆనందరాయలు అనే బ్రాహ్మణ విశ్వాసి తోడ్పాటుతో తెలుగు చేసిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. అదీ డేనుల నీడన మొదలైన అచ్చుకూటమే. మిషనరీలకు లైసెన్సు దారి 1813 చట్టంతో గాని తెరుచుకోలేదు.

ఏలికల అనుమతికి సంఘం కాచుకొని ఉండడం ఇక్కడ పుట్టింది కాదు. పోపుల కథ మనకెందుకని అనవద్దు, అప్పటికి మన చీలిక లేదు. రోములో బిషప్పును ఎన్నుకున్నా, కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తి ఒప్పుకోలు రావాలి. 590లో గ్రెగొరీ అంతటివాడే నెలల తరబడి ఆ ఉత్తరువు కోసం ఆగాడు. లొంబార్డులు గుమ్మంలో ఉండగా చక్రవర్తితో తెంచుకోవడం ఎలా? ఆయనను నేను తప్పుపట్టను.

649లో మార్టిను మాత్రం ఆగలేదు. క్రీస్తుకు ఒకే చిత్తమా, రెండా అన్న వాదం ఎత్తవద్దని చక్రవర్తి రెండవ కాన్‌స్టాన్స్ శాసించాడు. మార్టిను సభ కూర్చి ఆ శాసనాన్నే ఖండించాడు. 653లో సైనికులు జబ్బుమనిషిని పట్టి ఓడ ఎక్కించారు. కాన్‌స్టాంటినోపుల్‌లో రాజద్రోహమని తీర్పు చెప్పి, నల్ల సముద్రపు ఒడ్డున ఖేర్సోనుకు వెళ్లగొట్టారు. రొట్టె దొరకడం లేదనీ, రోములోని తనవారు తలచడం లేదనీ అక్కడి నుండి లేఖలు వ్రాశాడు. ఆయన బ్రతికి ఉండగానే 654లో రోమువారు యూజీను అనే మరొకరిని ఆ పీఠంపై కూర్చోబెట్టారు. మార్టిను 655లో ఆ పరదేశంలోనే కన్నుమూశాడు.