పేరు కింద ఒక వాక్యం

గోదావరి ఒడ్డున కొవ్వూరులో ఒక లెక్కల మాస్టారు ఉండేవారు. ముప్పయ్యేళ్ళకు పైగా ఉన్నత పాఠశాలలో పాఠం చెప్పి విశ్రాంతి తీసుకొన్న మనిషి. ఆయన ఎక్కం చెబితే ప్రహరీ అవతల గేదెలు కూడా తలలు ఎత్తేవని పాత విద్యార్థులు నేటికీ నవ్వుకొంటారు. అంతటి కంఠం గల ఆయనకు డెబ్బయ్యో ఏడు వచ్చేసరికి వినికిడి సన్నగిల్లింది. చెవికి యంత్రం తగిలించుకొంటే ఎదురుగా కూర్చున్నవారి మాట కొంత అందేది. ఫోనులో మాట మాత్రం రేకుల కప్పు మీద వాన పడినట్లు వినిపించేది. చప్పుడే తప్ప అక్షరం తెలిసేది కాదు.

అటువంటి స్థితిలో ఆయన చేతికి స్మార్ట్‌ఫోన్ వచ్చింది. ఇంటర్మీడియట్ చదువుతున్న మనుమడు అందులో వాట్సాప్ పెట్టి ఇచ్చాడు. చెవితో పని లేకుండా పదిమందితో మాట్లాడవచ్చునన్న సంగతి తెలిశాక మాస్టారి ముఖంలోకి మళ్ళీ కళ వచ్చింది. ఒకనాడు మనుమడు, “తాతయ్యా, నీ పేరు కింద ఇక్కడొక మాట రాసుకోవచ్చు. నిన్ను వెతికినవాళ్ళందరికీ కనబడుతుంది” అని చూపించాడు. అక్కడ సంస్థవారు ముందే కూర్చి పెట్టిన వాక్యాలు కొన్ని ఉన్నాయి. పనిలో ఉన్నాను, నిద్రపోతున్నాను, బ్యాటరీ అయిపోవచ్చింది వంటివి. మాస్టారికి అవేవీ నచ్చలేదు. ఎన్ని అక్షరాలు పడతాయని అడిగారు. నూట ముప్పయ్యొమ్మిది అన్నాడు మనుమడు. “టెలిగ్రాము కన్న ఉదారంగా ఉందే!” అంటూ ఆయన ఒక సాయంత్రమంతా ఆలోచించి ఇలా రాసుకొన్నారు: “చెవులు మొరాయించాయి. కళ్ళు బాగున్నాయి. రాయండి.”

ఆ వాక్యం ఆయనకు గుమ్మానికి కట్టిన పేరుపలక వంటిది. కొత్తగా నంబరు సంపాదించిన పాత విద్యార్థి ఎవరైనా ఆయన పేరు కోసం వెతికితే, పేరు కిందనే ఆ మాట కనిపించేది. ఫోను చేయబోయినవాడు ఆగి ఉత్తరం రాసేవాడు. వినబడదని ప్రతివారికీ విడివిడిగా చెప్పుకోవలసిన చిన్నతనం ఆయనకు తప్పిపోయింది. వినికిడి పోయినవారికి వినబడకపోవడం కన్న, వినబడలేదని మాటిమాటికీ చెప్పుకోవడమే ఎక్కువ బాధ.

ఆ చిన్న వాక్యానికి ఒక చరిత్ర ఉన్నది. నిజానికి వాట్సాప్ పుట్టుకే దాని కోసం. ఉక్రెయిన్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన యాన్ కౌమ్, వ్యాయామశాలలో ఉన్నప్పుడు వచ్చే ఫోన్లు అందుకోలేక చిరాకుపడేవాడట. పేరు పక్కనే ‘ఇప్పుడు వీలు కాదు’ అని కనిపిస్తే బాగుండునన్న ఆలోచనతో 2009లో ఆయన ఈ పనికి పూనుకొన్నాడు. ఆ ఏడాది జూన్‌లో ఆపిల్ సంస్థ పుష్ నోటిఫికేషన్ సదుపాయం తెచ్చింది. దానితో ఎవరైనా తమ వాక్యం మార్చుకొంటే ఆ సంగతి స్నేహితులందరికీ వెంటనే తెలియసాగింది. జనం వాక్యాలు మార్చుకొంటూ, వాటితోనే ఒకరికొకరు బదులు చెప్పుకోసాగారు. అది చూసిన తరువాతనే సందేశాలు పంపే సదుపాయాన్ని నిర్మించారు. మాస్టారు తమకు తెలియకుండానే ఆ సాధనాన్ని దాని తొలి ప్రయోజనానికి వాడుకొంటూ వచ్చారన్నమాట.

2017 ఫిబ్రవరి చివరివారంలో ఆ వాక్యం మాయమైంది.

వాట్సాప్ తన ఎనిమిదో పుట్టినరోజు సందర్భంగా ‘స్టేటస్’ అనే పాత పేరుతోనే ఒక కొత్త ఏర్పాటును ప్రవేశపెట్టింది. ఇకపై స్టేటస్ అంటే మాట కాదు, ఛాయాచిత్రమో చిన్న చలనచిత్రమో. అది ఇరవై నాలుగు గంటలు ఉండి తనంతట తానే చెరిగిపోతుంది. ఇది వారి సొంత ఊహ కూడా కాదు. 2013లో స్నాప్‌చాట్ ‘స్టోరీస్’ పేరుతో దీన్ని ఆరంభించింది. 2016 ఆగస్టులో ఇన్‌స్టాగ్రామ్ అనుసరించింది. అప్పటికి ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ రెండూ ఫేస్‌బుక్ చేతిలోనే ఉన్నాయి. తమ్ముడికి కుట్టించిన చొక్కా అన్నకూ తొడిగారు. కుర్రవాళ్ళకు అది చక్కగా సరిపోయింది. వాట్సాప్ వాడేవారు అప్పటికే వంద కోట్లు దాటారు. వారిలో మాస్టారి వంటివారు ఎందరుంటారో ఆ చొక్కా కుట్టినవారు ఆలోచించినట్లు లేదు.

పేర్ల జాబితా కూడా చోటు మారింది. ఆండ్రాయిడ్ ఫోనులో అంతవరకు పైవరుసలో కాల్స్, చాట్స్ సరసన ‘కాంటాక్ట్స్’ ఉండేది. ఇప్పుడు కాంటాక్ట్స్ పోయి ఒక చిన్న గుర్తు చాటున దాగింది. ఎడమ అంచున కెమెరా బొమ్మ వచ్చి కూర్చుంది. కాళిదాసు మేఘసందేశంలో యక్షుడు సందేశం చెప్పడానికి ముందు పూర్వభాగమంతా మేఘానికి దారి చెప్పడానికే వెచ్చిస్తాడు. దారి తప్పితే సందేశం ఎంత మధురమైనదైనా వృథా అని అతనికి తెలుసు. దారిని రాత్రికి రాత్రి మార్చినవారు ప్రయాణికుడికి ఆపాటి ఉపకారమైనా చేసి ఉండవలసింది.

మాస్టారు మొదటి వారంలోనే దారి తప్పారు. కరెంటు బిల్లు ఫోటో తీసి రాజమండ్రిలో ఉన్న కుమారుడికి పంపబోయారు. ఎవరికి పంపాలో అడిగే జాబితాలో అన్నిటికన్న పైన ‘నా స్టేటస్’ అని ఉంది. నాది కదా అని దాన్నే నొక్కారు. సాయంత్రానికి పాలవాడు మొదలు పూర్వపు ప్రధానోపాధ్యాయుల వరకు అందరూ ఆ బిల్లును దర్శించారు. “మాస్టారూ, ఇద్దరు మనుషులకు ఇంత బిల్లా? మీటరు చూపించండి” అని ఒకాయన సలహా కూడా రాశారు. దానికి మాస్టారు కూడా నవ్వుకొన్నారు.

నవ్వుకోలేని సంగతి తరువాత జరిగింది. విదేశంలో పనిచేస్తున్న ఒక పాత విద్యార్థి ఎవరినో అడిగి ఆయన నంబరు తెలుసుకొని, మార్చి మొదటివారంలో వాట్సాప్ ద్వారా నాలుగుసార్లు ఫోను చేశాడు. పేరు కింద వాక్యం లేదు. మాస్టారు యంత్రం తీసి పక్కన పెట్టిన వేళలవి. ఒకసారి తెర వెలగడం చూసి ఎత్తారు గాని, రెండు మాటలు కూడా అందక పెట్టేశారు. మరునాడు ఒక సందేశం వచ్చింది. “మాస్టారూ, పదో తరగతి పరీక్ష రుసుము మీరే కట్టారు. ఇరవై ఏళ్ళయినా ఆ డబ్బు తిరిగి ఇవ్వలేదు, కనబడనూ లేదు. నా గొంతు విని పెట్టేశారంటే మీ కోపం న్యాయమే. నాన్నగారు పోయారు. ఆ సంగతి మీకు చెబుదామని చేశాను.”

మాస్టారు ఆ సందేశాన్ని ఎన్నిసార్లు చదివారో! రుసుము సంగతి ఆయనకు జ్ఞాపకం కూడా లేదు. ఆ కుర్రవాడి తండ్రి మాత్రం బాగా జ్ఞాపకం. ప్రతి సంక్రాంతికీ తేగలు తెచ్చి గుమ్మంలో పెట్టి, పిలవకుండా వెళ్ళిపోయేవాడు. అలవాటు లేని వేళ్ళతో ఆయన రాత్రి పదకొండు గంటల వరకు బదులు రాస్తూ కూర్చున్నారు.

మర్నాడు మనుమణ్ణి పిలిచి, “ఆ వాక్యం మళ్ళీ పెట్టరా” అన్నారు. వాడు తల గోక్కొని ఒక ఉపాయం చెప్పాడు. మాస్టారు తెల్లకాగితం మీద గుండ్రని అక్షరాలతో తమ వాక్యం రాశారు. వాడు దాన్ని ఫోటో తీసి కొత్త స్టేటస్‌గా పెట్టాడు. మర్నాటికి అది చెరిగిపోయింది. మళ్ళీ తీశాడు. ఆ కాగితాన్ని కిటికీ పక్కన మేకుకు గుచ్చి, రోజూ కాలేజీకి పోయే ముందు ఫోటో తీసి పెట్టడం వాడికొక దినచర్య అయింది. ఇందులో మాస్టారికి ఒక చిన్న లాభం కలిగింది. ఆ రోజు ఎవరెవరు ఏ సమయానికి చూశారో కింద పేర్లు కనిపించేవి. ఆయన దానికి హాజరుపట్టీ అని పేరు పెట్టి, రాత్రిపూట వరుసగా చదువుకొనేవారు. అయితే హాజరు వేయించుకొన్నవారు ఆ సంగతి ముందే తెలిసినవారు. తెలియవలసిన కొత్తవారు ఆ గదిలోకి తొంగి చూడనే లేదు.

ఇటువంటి గగ్గోలు లోకానికి కొత్తది కాదు. 2006 సెప్టెంబరు 5న ఫేస్‌బుక్ ‘న్యూస్ ఫీడ్’ ప్రవేశపెట్టినప్పుడు, ఒకరి కదలికలన్నీ ఇతరుల కళ్ళముందు పరచడం ఏమిటని విద్యార్థులు తిరగబడ్డారు. కొద్దిరోజుల్లోనే ఏడు లక్షలమందికి పైగా నిరసన బృందంలో చేరారు. చిత్రమేమంటే, ఆ బృందం అంత వేగంగా పెరగడానికి తోడ్పడింది న్యూస్ ఫీడే! మూడురోజులకు జుకర్‌బర్గ్ తప్పు ఒప్పుకొని, ఏది కనబడాలో ఎవరికి వారు నిర్ణయించుకొనే వీలు కల్పించాడు. న్యూస్ ఫీడ్‌ను మాత్రం తీసివేయలేదు. తరువాత జనం దానికి అలవాటుపడ్డారు. సంస్థలకు ఈ అలవాటు మీద గట్టి నమ్మకం. ఆ నమ్మకం తరచు నిజమవుతుంది కూడా. కాని అలవాటుపడినవారే లెక్కకు వస్తారు, విసిగి ఫోను పక్కన పెట్టినవారు రారు.

ఈసారి మాత్రం వాట్సాప్ సగం వెనక్కు తగ్గింది. నలుమూలల నుంచి ఫిర్యాదులు రావడంతో 2017 మార్చిలోనే పాత వాక్యాన్ని ‘ఎబౌట్’ అనే పేరుతో తిరిగి తెచ్చింది. ముందు ఆండ్రాయిడ్ ఫోన్లకు, ఆపైన ఐఫోన్లకు అది అందింది. ఛాయాచిత్రాల స్టేటస్ కూడా అలాగే ఉండిపోయింది. రెండూ ఒకే ఇంట ఉండగలవని ఆ విధంగా తేలింది.

మనుమడు ఆ సంగతి కనిపెట్టి, కాగితం చూసి పాత వాక్యమే ఎక్కించబోయాడు. మాస్టారు వారించి ఫోను తమ చేతిలోకి తీసుకొన్నారు. ఒక్కొక్క అక్షరమే వెతుకుతూ ఆయన రాసినది ఇది: “చెవులు మొరాయించాయి. కోపం ఎవరి మీదా లేదు. రాయండి.”