తలచుకోవడం నేర్పిన మఠం

నవంబరు 2. తెలుగునాట క్యాథలిక్ కుటుంబాలకు ఆ రోజు సమాధుల పండగ. ముందే వెళ్లి గడ్డి పీకి, సమాధులకు సున్నం వేసి వస్తారు. ఆ సాయంత్రం బంతిపూల దండలు, అగరొత్తులు, వరసగా కొవ్వొత్తులు. ఫాదర్ వచ్చి ప్రార్థన చదువుతారు. తాతను ఎప్పుడూ చూడని మనవడు కూడా తాత పేరు చెప్పి ఓ కొవ్వొత్తి వెలిగిస్తాడు. గాలికి ఆరిపోతే మళ్లీ వెలిగిస్తాడు.

ఆ తేదీని ఎవరు పెట్టారు?

ఫ్రాన్స్‌లో, బర్గండీ కొండల నడుమ క్లూనీ అని ఓ చిన్న ఊరుంది. వెయ్యేళ్ల కిందట అక్కడి బెనెడిక్టైన్ మఠానికి ఒడిలో అనే ఆయన అధిపతి. చనిపోయిన ప్రతి విశ్వాసి కోసం, తెలిసినవాళ్లూ తెలియనివాళ్లూ అనే తేడా లేకుండా, ఏడాదిలో ఓ రోజు ప్రార్థించాలని ఆయన తన మఠాలన్నిటికీ ఆజ్ఞ ఇచ్చాడు. ఆ రోజే నవంబరు 2. మఠం నుంచి మఠానికి, దేశం నుంచి దేశానికి పాకి అది క్యాథలిక్ లోకమంతటి పండగైంది.

పోయినవాళ్లను మరవొద్దని అంతమందికి నేర్పిన ఆ మఠం కథ మాత్రం విచిత్రంగా ముగిసింది. దాన్ని రాళ్ల లెక్కన అమ్మేశారు!

కుక్కలు పోయి సన్యాసులొచ్చారు

క్లూనీ 910లో మొదలైంది. అప్పటికది అక్విటేన్ పాలకుడు డ్యూక్ విలియం వేట విడిది. మఠానికి చోటు చూపించమంటే బెర్నో అనే సన్యాసి సరిగ్గా దాన్నే అడిగాడట. నా వేటకుక్కలన్నీ అక్కడే ఉన్నాయే అని డ్యూక్ నసిగాడట. కుక్కల్ని తోలేసి సన్యాసుల్ని పెట్టు, నీకు పరలోకంలో పనికొచ్చేదెవరో నువ్వే ఆలోచించుకో అన్నాడట బెర్నో. ఇది కథ కావచ్చు. దానపత్రం మాత్రం నిజం.

అందులో ఓ గొప్ప షరతుంది. ఈ మఠం మీద ఏ రాజుకూ, ఏ జమీందారుకూ, చివరికి దానమిచ్చిన డ్యూక్ వంశానికీ పెత్తనం ఉండదు. ఇది అపొస్తలులైన పేతురు, పౌలుల సొత్తు. దీన్ని కాజేసినవాడు సర్వనాశనమైపోవాలి. మన గుళ్ల దానశాసనాల చివర కనిపించే శాపాల్లాంటివే ఆ పత్రంలోనూ ఉన్నాయి.

ఆరో శతాబ్దంలో ఇటలీలో సెయింట్ బెనెడిక్ట్ రాసిన నియమావళి వాళ్లకు ప్రాణం. సొంత ఆస్తి ఉండకూడదు. ప్రార్థన, పని, చదువు... వీటితోనే రోజు గడవాలి. క్లూనీలో ప్రార్థన మిగతావాటిని చాలావరకు మింగేసింది. అర్ధరాత్రి దాటాక లేచింది మొదలు రోజులో ఎక్కువ భాగం పాటే. మిగతా వేళల్లో మౌనం. భోజనాల దగ్గర కూడా మాటల్లేవు, అన్నీ సైగలే. చేప కావాలంటే నీళ్లలో చేప తోక కదిలినట్టు చెయ్యి ఆడించాలి!

చనిపోయినవాళ్ల వంతు అన్నం

ఆ పాటలో పెద్ద భాగం పోయినవాళ్ల కోసమే. సన్యాసుల పేర్లు, దాతల పేర్లు వేల సంఖ్యలో పుస్తకాల్లో రాసిపెట్టుకునేవారు. ఏ రోజు ఎవరు చనిపోయారో ఆ రోజు వాళ్ల పేరు చదవాలి. అంతేకాదు, చనిపోయిన సన్యాసి పేరిట ఓ పేదవాడికి భోజనం పెట్టాలి. తద్దినం నాడు ఓ విస్తరి ఎక్కువ వేసే మనవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు.

చిక్కేమిటంటే, బతికున్నవాళ్ల సంఖ్యకు హద్దుంటుంది గానీ పోయినవాళ్ల సంఖ్య ఏటా పెరుగుతూనే ఉంటుంది. 12వ శతాబ్దంలో మఠాధిపతి అయిన పీటర్‌కు ఈ లెక్క తలనొప్పి తెచ్చింది. ఇలాగే సాగితే చనిపోయినవాళ్లు బతికున్నవాళ్లను మఠం నుంచి వెళ్లగొట్టేలా ఉన్నారని, పోయినవాళ్ల పేరిట పెట్టే భోజనాలు రోజుకు 50 దాటకూడదని ఆయన నియమం పెట్టాల్సి వచ్చింది. ఖురాన్‌ను మొదటిసారి లాటిన్‌లోకి అనువదింపజేసింది కూడా ఈ పీటరే. 1143లో ఆ పని పూర్తయింది.

కలలో కొలిచిన గుడి

క్లూనీ నీడలో ఐరోపా అంతటా వెయ్యికి పైగా మఠాలు వెలిశాయి. సన్యాసులు పెరిగారు, ఉన్న గుడి చాలలేదు. అప్పటికే ఒకదాని తర్వాత ఒకటి రెండు గుళ్లు కట్టారు. మూడోది కట్టాలి. గుంజో అనే ముసలి సన్యాసి జబ్బుపడి మంచాన ఉంటే, పేతురు, పౌలు, స్తెఫను కలలో కనబడి, తాళ్లు పరిచి కొత్త గుడి కొలతలు చూపించారని మఠంలో చెప్పుకునేవారు. గుంజో స్వతహాగా గాయకుడు కావడం విశేషం.

డబ్బు మాత్రం కలలో రాలేదు. స్పెయిన్‌లోని ముస్లిం రాజ్యాల నుంచి కప్పం రాబట్టుకునే క్రైస్తవ రాజు ఆరో అల్ఫోన్సో ఏటా రెండు వేల బంగారు నాణేలు పంపుతానన్నాడు. బదులుగా తన వంశం కోసం సన్యాసులు ప్రార్థించాలి. 1088లో మఠాధిపతి హ్యూ పని మొదలుపెట్టాడు. 1095లో ప్రధాన బలిపీఠాన్ని పోపు రెండో అర్బన్ ప్రతిష్ఠించాడు. ఆయన ఒకప్పటి క్లూనీ సన్యాసే.

పూర్తయిన గుడి పొడవు 187 మీటర్లు. తొమ్మిది క్రికెట్ పిచ్‌లను వరసగా పేర్చినంత! మధ్య నడవకు అటు రెండు, ఇటు రెండు పక్క నడవలు. మామూలుగా శిలువ ఆకారపు గుడికి అడ్డంగా చాచిన చేతులు ఒక జతే ఉంటాయి. దీనికి రెండు జతలు. పైకప్పు ఎత్తు సుమారు 30 మీటర్లు, అంటే పదంతస్తులు. దానికి కర్ర వాడలేదు, మొత్తం రాతి కమానే. రాయికి నిప్పు అంటుకోదు. పైగా కింద పాడిన పాటను రాతి కప్పు పట్టి నిలిపి, తిరిగి వినిపిస్తుంది. పొద్దస్తమానం పాడేవాళ్లకు అంతకంటే ఏం కావాలి?

కానీ అంత బరువు గోడల్ని పక్కలకు నెడుతుంది. 1125లో కప్పులో కొంత భాగం కూలింది. మళ్లీ కట్టారు. 1130లో పోపు రెండో ఇన్నోసెంట్ వచ్చి గుడిని అంకితం చేశాడు. రోమ్‌లో ఇప్పుడున్న సెయింట్ పీటర్స్ లేచేదాకా క్రైస్తవ లోకంలో ఇంతకంటే పెద్ద గుడి లేదు.

మెచ్చుకున్నవాళ్లతో పాటు నొచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. అదే కాలపు సన్యాసి బెర్నార్డ్, ఇలాంటి ఆర్భాటాలను ఘాటుగా ప్రశ్నించాడు. పేదలు ఆకలితో ఉంటే గోడలకు బంగారమేమిటని ఆయన కోపం. ఆ ప్రశ్న కొట్టిపారేయదగ్గది కాదు.

రాయికింత అని...

తర్వాతి శతాబ్దాల్లో మఠాధిపతి పదవి రాజకీయ బహుమతి అయింది. ఫ్రాన్స్‌ను నడిపించిన రిషెల్యూ, మజారిన్ కూడా ఆ పదవిలో ఉన్నారు. ఫ్రెంచి విప్లవం వచ్చింది. 1790లో సన్యాసి సంఘాలు రద్దయ్యాయి. 1793లో మఠాన్ని దోచుకున్నారు. 1798లో ప్రభుత్వం దాన్ని వ్యాపారులకు అమ్మేసింది. అపొస్తలుల సొత్తని రాసిన పత్రం గానీ, దాని శాపాలు గానీ అడ్డు రాలేదు.

కొన్నవాళ్లకది గుడి కాదు, రాతి గని. ముందు గుడి మధ్య నుంచి ఓ వీధి వేశారు. గోపురాలు ఒక్కొక్కటే పడ్డాయి. 1810లో చెక్కడాలతో నిండిన ప్రధాన ద్వారాన్ని మందుపాతర పెట్టి పేల్చారు. 1823 దాకా కూల్చుతూనే ఉన్నారు. ఆ రాళ్లు చుట్టుపక్కల ఇళ్ల గోడల్లోకి వెళ్లాయి. నెపోలియన్ ఆదేశంతో ఆ స్థలంలోనే వెలసిన గుర్రాల పెంపకశాలకూ కొన్ని చేరాయి. వేటకుక్కలు వదిలి వెళ్లిన చోటికి చివరికి గుర్రాలొచ్చాయి!

ఇప్పుడు గుడిలో పదో వంతు కూడా లేదు. పెద్ద అడ్డ బాహువులో దక్షిణపు చివర, దాని మీద ఎనిమిది పలకల గంట గోపురం మిగిలాయి. ఆ కాస్త ముక్క కింద నిలబడినా మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూడాల్సిందే. పీఠం చుట్టూ ఉన్న స్తంభాల శిరోభాగాలు కొన్ని బతికి, పాత పిండి గిడ్డంగిలో భద్రంగా ఉన్నాయి. వాటిలో రెంటి మీద నాటి సంగీతంలోని ఎనిమిది స్వరరీతులను మనుషుల రూపంలో చెక్కారు. పాట కోసం కట్టిన గుడిలో పాట బొమ్మలు మిగిలాయన్నమాట.

కొలతల్లో బతికింది

1928లో హార్వర్డ్ ఆచార్యుడు కెనెత్ జాన్ కోనంట్ క్లూనీలో తవ్వకాలు మొదలుపెట్టారు. ఇక్కడో గుంట, అక్కడో గుంట. దొరికిన ప్రతి పునాదినీ, ప్రతి స్తంభపు అడుగునూ కొలిచి గీసుకున్నారు. మధ్యలో ప్రపంచ యుద్ధం ఆపింది. అది ముగిశాక మళ్లీ వచ్చారు. 1950 దాకా తవ్వకాలు సాగాయి. 1968లో తన పరిశోధననంతా పెద్ద పుస్తకంగా తెచ్చారు. లేని గుడిలో నిలబడి చూస్తే ఎలా ఉండేదో ఆయన బొమ్మలు చెప్పాయి. తర్వాతివాళ్లు ఆయన కొలతల్లో కొన్నిటిని సరిదిద్దారు. అయినా దారి ఆయనదే.

మఠం చివరిరోజుల్లో కట్టిన భవనాల్లో ఇప్పుడో ఇంజినీరింగ్ విద్యాసంస్థ నడుస్తోంది. కూలిన గుడిని కంప్యూటర్‌లో మళ్లీ నిలబెట్టింది ఆ సంస్థవాళ్లే. 2010లో మఠానికి 1,100 ఏళ్లు నిండిన సందర్భంగా త్రీడీ చిత్రం తయారైంది. చూసేవాళ్లు ఆ తెర మీద పదంతస్తుల రాతి కప్పు కింద నడుస్తారు. బయటికొస్తే అదే చోట ఆకాశం.

దాన్ని చూడటం ఇష్టం లేక కూల్చారని కాదు. చూసి చూసి, రాళ్లు తప్ప మరేమీ కనబడనప్పుడు కూల్చారు. మన ఊళ్లలోనూ పాత మండపం రాళ్లు బట్టలుతికే బండలైన సందర్భాలు తక్కువేం కాదు.

క్లూనీ పుస్తకాల్లోని పేర్లను ఇప్పుడు రోజూ చదివేవాళ్లు లేరు. కానీ నవంబరు 2 సాయంత్రం సమాధి దగ్గర కూర్చున్న ఆ పిల్లాడు, గాలికి ఆరిపోయిన కొవ్వొత్తిని చెయ్యి అడ్డుపెట్టి మళ్లీ వెలిగిస్తాడు. ఒడిలో పెట్టిన తేదీ అదే. దాన్ని ఎవరూ అమ్మలేకపోయారు.