పరాయి ఊళ్లో పాయింట్ల లెక్క

మూడు తరాల కిందట నెల్లూరు నుంచి వచ్చి రాయపురంలో స్థిరపడ్డ కుటుంబం మాది. ఉత్తర మద్రాసులో ఉంటూ బాక్సింగ్ తెలియదంటే ఎవరూ నమ్మరు. సార్పట్టా, ఇడియప్ప పరంపరల కబుర్లు మా పెద్దవాళ్లకి పురాణ కాలక్షేపంతో సమానం. ఇప్పుడు మా చిన్నాన్నగారి మనవరాలు గ్లౌజులు తొడుక్కుని పక్క రాష్ట్రంలో పోటీకి బయల్దేరుతోంది. దాంతో ఇంట్లో పాత వాదన మళ్లీ మొదలైంది: పరాయి ఊళ్లో బాగా ఆడితే చాలదా?

చాలదనే మావాళ్లు ముందు 1988 సియోల్ ఒలింపిక్స్‌ని ఎత్తుతారు. లైట్ మిడిల్‌వెయిట్ ఫైనల్లో అమెరికా కుర్రాడు రాయ్ జోన్స్ 86 గుద్దులు తగిలించాడు, కొరియా బాక్సర్ పార్క్ సి-హున్ 32. అయినా 3-2తో స్వర్ణం పార్క్‌కే. ఆ ఒలింపిక్స్‌లో ఉత్తమ బాక్సర్ బహుమతి మాత్రం ఓడిన జోన్స్‌కే ఇచ్చారు! ఆ గొడవ తరవాతే 1992 బార్సిలోనాలో జడ్జీల చేతికి కంప్యూటర్ మీటలు వచ్చాయి.

కానీ ప్రతిసారీ దొంగతనమే అనుకోలేం. 2017 జూలై 2న డబ్ల్యూబీఓ వెల్టర్‌వెయిట్ ఛాంపియన్ మానీ పాకియావ్ బ్రిస్బేన్ వెళ్లి, ఆ ఊరివాడే అయిన జెఫ్ హార్న్‌తో తలపడ్డాడు. స్టేడియంలో 51 వేల మందికి పైగా జనం. తొమ్మిదో రౌండ్లో హార్న్‌ని ఎంత కుమ్మేశాడంటే, ఆట ఆపేస్తానని రిఫరీయే హెచ్చరించాడు. చివరికి ముగ్గురు జడ్జీలూ హార్న్‌నే గెలిపించారు. వాళ్లలో ఆస్ట్రేలియావాళ్లు ఒక్కరూ లేరు: ఇద్దరు అమెరికన్లు, ఒకరు అర్జెంటీనా.

మరి ఊరి బలం ఎక్కడ పనిచేసింది? మాకు తోచింది ఇది. ఏ రౌండ్ లెక్క ఆ రౌండ్‌దే. గెలిచినవాడికి 10, ఓడినవాడికి మామూలుగా 9. అయిదు రౌండ్లు చితక్కొట్టి, ఏడు రౌండ్లు వెంట్రుకవాసిలో పోగొట్టుకుంటే ఓటమే. ఆ వెంట్రుకవాసి రౌండ్లలోనే జనం అరుపులు జడ్జీల చెవిన పడతాయి. ఊరివాడి గుద్దు గాల్లో పోయినా ఈలలు, వచ్చినవాడి గుద్దు దవడకి తగిలినా నిశ్శబ్దం. ఫిర్యాదు మీద డబ్ల్యూబీఓ అయిదుగురు కొత్త జడ్జీలతో ఆ పోటీని మళ్లీ చూపించి లెక్క వేయిస్తే, అప్పుడూ హార్నే గెలిచాడని తేలింది.

అయినా ఛాంపియన్లు ఎందుకు వెళ్తారంటే, డబ్బు అక్కడుంటుంది గనక. స్టేడియం నింపేది ఊరివాడే. తెలివైనవాళ్లు ఒప్పందంలోనే తిరుగు పోటీ షరతు రాయించుకుని మరీ విమానం ఎక్కుతారు.

మా పిల్లకి అలాంటి షరతులేం ఉండవు. అలిగి పతకం వద్దంటే కూడా నష్టమే. 2014 ఇంచియాన్‌లో కొరియా అమ్మాయి చేతిలో ఓడి కాంస్యం మెడలో వేయించుకోని సరితాదేవిని ఏడాది పాటు నిషేధించారు. అందుకే ఇంట్లో అందరం కలిసి చెప్పింది ఒక్కటే: "ఏ రౌండూ జడ్జీకి వదలకు తల్లీ, అనుమానం లేకుండా గెలువు. అలా గెలిచినా ఇవ్వకపోతే, నువ్వు ఓడినట్టు మాత్రం అనుకోకు."

ఈ మాట ఉత్త ఓదార్పు కాదు. 2023లో పార్క్ సి-హున్ స్వయంగా అమెరికాలో జోన్స్ సొంత ఊరు పెన్సకోలాకి వెళ్లి, ఆ స్వర్ణ పతకం అతని చేతిలో పెట్టాడు. లెక్క సరవడానికి ముప్ఫై అయిదేళ్లు పట్టింది.