పాత బొమ్మల పెట్టె

ఫ్రాన్సు దేశమున 19వ శతాబ్దమునఁ జేసిన కోడిపుంజు, బాతు రూపముల మెఱుఁగు మట్టికూజాలను వెదకి కూర్చుకొనువారు కలరు. నూజివీటి మామిడితోఁటల నడుమ నుండు మాకు కొండపల్లి జంతువులపై నట్టి మక్కువ. వీనిని తెల్లపొణికి కఱ్ఱతోఁ జెక్కి, అవయవములను చింతగింజల ముద్దతో నతికి, సున్నము పూసి, రంగులు వేయుదురు.

మా యత్తగారు కాపురమునకు వచ్చినపుడు తెచ్చిన యంబారీ యేనుఁగునకు నేఁడు దంత మొకటి లేదు, రంగును వెలసినది. సంక్రాంతి కొలువు చూడవచ్చిన బంధువులు దానిని పాఱవేసి క్రొత్తది కొనుఁడనిరి. మే మంగీకరింపలేదు. ఆ విఱిగినచోటనే కఱ్ఱ యెంత తేలికయో, అతు కెంత నేర్పైనదో మా బాలికలు చూచి తెలిసికొనిరి.

సోదరీమణులారా! క్రొత్తవియుఁ గొనవలసినదే, కొననిచో నా చేతిపని నిలువదు. కాని పొణికికఱ్ఱ యరుదగుచున్న యీ దినములలో పాతవానిని విడువకుఁడు. పొడిగుడ్డతోఁ దుడిచి, తడి తగులనీక, ఎండిన వేపాకుల నడుమ దాఁచుఁడు.