జో బావ టోపీ

రాత్రి నిద్రపట్టక డికెన్స్ 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్' మళ్లీ తీశా. 1860-61లో వారం వారం సీరియల్‌గా వచ్చిన నవల. కథానాయకుడు పిప్‌కి జెంటిల్మన్ అయిపోవాలని యావ. లండన్‌లో గది, కొత్త బట్టలు, పనికుర్రాడు, పీకల్దాకా అప్పులు.

ఊరి నుంచి అక్క మొగుడు, కమ్మరి జో చూడ్డానికొస్తాడు. పిప్‌ని చిన్నప్పట్నుంచీ ప్రేమగా చూసుకున్నవాడు. టోపీ ఎక్కడ పెట్టాలో తెలీక చలిమంట గూటి పైన అంచుమీద పెడతాడు. అది జారిపడుతూనే ఉంటుంది, ఆయన లేచి పట్టుకుంటూనే ఉంటాడు. ఆ పిల్లాణ్ణే మధ్యమధ్యలో 'సర్' అంటాడు పాపం! పిప్‌కేమో చిరాకు. డబ్బిస్తే ఈ రాక తప్పుతుందంటే ఇచ్చేవాణ్ణని తనే ఒప్పుకుంటాడు.

చివర్లో పిప్ మంచాన పడితే జోనే వచ్చి సేవ చేస్తాడు. కాస్త కోలుకోగానే, పిప్ అప్పు తీర్చిన రసీదు పెట్టేసి, అతను లేచేలోపే చెప్పకుండా వెళ్లిపోతాడు.

జేన్ ఆస్టిన్ నవల్లో డార్సీ కూడా, తను ఇష్టపడ్డమ్మాయి చెల్లెలు లిడియా పెళ్లికి గుట్టుగానే డబ్బు కట్టాడు. కాదనను. కానీ ఆయన రాబడి ఏడాదికి 10,000 పౌండ్లు. జోది కొలిమి కష్టం.

అసలు జెంటిల్మన్ ఎవరంటే, నా ఓటు జోకే. నవలంతా చదివే ఓపిక లేకపోతే 27వ అధ్యాయం ఒక్కటి చదవండి. టోపీ అక్కడుంది.